అంచు నుంచి

పెద్ద వరద వచ్చి వెళ్ళిన ఇరవై తొమ్మిదో ఏడు అది. ఆ ఊళ్ళో ఏ సంగతైనా వరదకు ముందా, వెనకా అని చెప్పుకోవడమే అలవాటు. సెంట్రింగ్ మేస్త్రి పెద్దకొడుకు వరదకు పంతొమ్మిదేళ్ళ ముందు పుట్టాడు. కూతురు పన్నెండేళ్ళ ముందు. ఆఖరివాడు ఎనిమిదేళ్ళ ముందు. వాళ్ళమ్మ వరద తర్వాత పదో ఏట పోయింది. మేస్త్రి కుడిపాదం వంకరపోయింది మాత్రం ముందూ కాదు, వెనకా కాదు. సరిగ్గా వరదనాడే.

ఆ పాదం ఇప్పుడు తెల్లదుప్పటి కింద పక్కకు తిరిగి ఉంది. పెద్దకొడుకు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆరు రోజులుగా అతని చోటు అదే, మంచానికి కాళ్ళవైపు. తలవైపు కుర్చీ ఖాళీ అయినా అటు వెళ్ళేవాడు కాదు.

అది ఊరి చివర, ఒకే అంతస్తు ఉన్న భవనం. ఇక నయం కాదని తేలినవాళ్ళను నొప్పి తెలియకుండా చూసుకునే చోటు. మామూలు ఆసుపత్రిలోలాగా అక్కడ ఎవరూ పరిగెత్తరు. కిటికీలకు పల్చటి తెరలు, నడవలో టీ కెటిలు, గుమ్మం పక్కన చెప్పుల అర. నర్సు ప్రతి మాటకూ "నెమ్మది, నెమ్మది" అంటుంది. అందుకని కూతురు ఆమెకు నెమ్మదమ్మ అని పేరు పెట్టింది. రెండు రోజులు చాటుగా పిలిచి, మూడోనాటి నుంచి మొహం మీదే పిలిచేసింది. ఆమె కూడా పలికింది.

మేస్త్రి పని ఏమిటంటే, స్లాబు పోసేముందు కింద కర్రలు నిలబెట్టి, వాటి మీద బల్లలు పరచడం. పైన పోసిన కాంక్రీటు గట్టిపడేదాకా ఆ బరువంతా కర్రలదే. గట్టిపడ్డాక వాటిని విప్పాలి. "నిలబెట్టడం ఎవడైనా నిలబెడతాడు, విద్యంతా విప్పడంలో ఉంది" అనేవాడు ఆయన. ఊళ్ళో సగం ఇళ్ళ బరువు మోయించిన మనిషి ఇప్పుడు తన తల తాను మోయలేక దిండు మీద వాల్చేశాడు.

పెద్దకొడుకుది తండ్రి పనే, తండ్రి పోలికే. ఇద్దరూ కలిసి ఒక రోజు పనిచేస్తే నోట్లోంచి రాలేవి మొత్తం మీద పది మాటలు. అందులో ఎనిమిది "ఊఁ"లు. నలభై ఎనిమిదేళ్ళు వచ్చి, మీసం నెరిసినా ఊరంతా అతన్ని చిన్నమేస్త్రి అనే పిలిచేది. పిలవక ఏం చేస్తారు? ఏ ఇంట్లోనైనా కర్రలు విప్పే రోజున తండ్రి కుంటుకుంటూ వచ్చి, అతని చేతిలోంచి సుత్తి తీసుకునేవాడు. అతనితో సహా అందరినీ వీధిలోకి పొమ్మని, తానొక్కడే కిందికి వెళ్ళి మొదటి కర్ర పడగొట్టేవాడు. తర్వాతవి కొడుకు విప్పాలి. ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా ఆ మొదటి దెబ్బ కొడుక్కి ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో కొడుకు అడగలేదు. అతనికి తెలుసు. తెలుసనే అనుకున్నాడు.

ఆరో రోజు పొద్దున్నుంచి ఆయన నోట ఒకటే మాట. అదీ పూర్తిగా కాదు. మొదలు ఊపిరిలో కలిసిపోయేది, చివర గొంతులో ఆగిపోయేది. మధ్యలో "ంచ్" అన్న చప్పుడు ఒక్కటే బయటపడేది.

"మంచం అంటున్నాడు," అంది కూతురు. ఆమె బస్సు కండక్టరు. ఎవరు కదిలినా సీటు ఇరుకైందనే అనుకుంటుంది. "జరుగు నాన్నా, జరుగు. తమ్ముడూ, అటు పట్టు. ఎత్తు కాస్త పెంచు. మరీ అంత కాదురా, ఆయన్ని కిటికీలోంచి పంపించేస్తావా ఏంటి!"

మంచం పెంచారు, దించారు. దుప్పటి మార్చారు. ఆయన మళ్ళీ అదే అన్నాడు.

"కంచం అంటున్నాడక్కా," అన్నాడు తమ్ముడు. వాడు బేకరీలో పొయ్యి దగ్గర పనిచేస్తాడు. "ఆకలేస్తోంది. ఏమైనా తింటావా నాన్నా? మెత్తగా చేసి తెస్తా."

"నీకు లోకంలో తిండి తప్ప ఇంకో మాట వినపడదా? మూడు రోజుల్నుంచి చెంచాడు నీళ్ళే దిగట్లేదు ఆయనకి."

"ఆకలి ఎప్పుడొస్తుందో నీకు చెప్పి వస్తుందా?"

వాడు కంచం తేనే తెచ్చాడు. ఆయన కంచం వైపు ఒకసారి, కొడుకు వైపు ఒకసారి చూసి కళ్ళు మూసుకున్నాడు.

"మంచు అంటున్నారేమో," అంది పెద్దకోడలు, గొంతు తగ్గించి. "పక్క మంచం ఆయనకి నిన్న నోట్లో మంచుముక్క పెట్టారు కదా."

"వదినా, ఐసుని మంచు అని పుస్తకాల్లో రాస్తారు. మా నాన్న పుస్తకం మొహం ఎప్పుడు చూశాడు?" అంది కూతురు. అన్నదే కానీ, తానే వెళ్ళి ఐసుముక్క అడిగి తెచ్చింది. పెదవులు తడిసి ఆయనకు కొంచెం హాయి అనిపించినట్టుంది. కానీ మాట మారలేదు.

పెద్దకొడుకు ఇందులో దేనికీ నోరు విప్పలేదు. "ఏవండీ, మీకేమైనా అర్థమైందా?" అని భార్య అడిగితే తల అడ్డంగా ఊపి, టీ తెస్తానని నడవలోకి వెళ్ళాడు. కెటిలు దగ్గర గ్లాసు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడో, టీ మీద మీగడ కట్టింది. అతనికి మొదటిసారే అర్థమైంది. అది మంచమూ కాదు, కంచమూ కాదు. అంచు.

వరదనాడు జరిగింది ఇది. అప్పటికి అతను తండ్రి దగ్గర పనిలో చేరి రెండు నెలలు. గదుల స్లాబులకు కర్రలు విప్పడం చూశాడు. వాటికి నడిమధ్యన మొదలుపెట్టి గోడలవైపు రావాలి. బాల్కనీకి విప్పడం మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆ పొద్దున కాలవగట్టు తెగింది. ఒక ఇంటి ముందు బాల్కనీ కింద కర్రలున్నాయి. పోసి మూడు వారాలు దాటింది. నీళ్ళు మోకాళ్ళ మీదికి వచ్చేశాయి. కర్రలు కొట్టుకుపోతాయని తండ్రి వీధి అవతలి నుంచి "విప్పెయ్ రా, విప్పెయ్!" అని కేకేశాడు. అతను గోడ పక్కన ఉన్నాడు. చేతికి దగ్గరగా ఉన్న కర్రనే ముందు కొట్టాడు. తర్వాత దాని పక్కది. గోడవైపువన్నీ పోయి అంచు కింద రెండు మిగిలేసరికి పైన చిటుక్కుమంది.

బాల్కనీకి గోడ ఒక్కటే ఆధారం. అందుకని అంచు నుంచి విప్పుకుంటూ గోడవైపు రావాలి. తిరగేసి విప్పితే దాని నడుం విరుగుతుంది. ఈ సంగతి అతనికి తర్వాత తెలిసింది. తండ్రి నీళ్ళలో పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చి ఒక్క తోపు తోశాడు. కొడుకు తప్పుకున్నాడు. తండ్రి పాదం తప్పుకోలేదు.

వరద పడగొట్టిందన్నారు అందరూ. ఎవరైనా అడిగితే తండ్రి కూడా "వరద" అనేవాడు. ఇంట్లో వాళ్ళకూ అంతే తెలుసు. నిజం ఇద్దరికే తెలుసు, ఆ ఇద్దరికీ నోళ్ళు లేవు. ఆ రోజే నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. తిట్లు తిన్నవాడికి తర్వాత అన్నం సహిస్తుంది. తిట్టలేదు. సుత్తి తీసేసుకున్నాడు, అంతే.

పోయేముందు మనిషి మనసులో ఉన్నది కక్కేస్తాడంటారు. ఇరవై తొమ్మిదేళ్ళు మింగింది ఇప్పుడు పైకి వస్తోందని అతను అనుకున్నాడు. నన్ను తప్పుపడుతూనే పోతాడు. ఇక ఈ జన్మకు అది మారదు. టీ పారబోసి, గ్లాసు కడిగి, వచ్చి మళ్ళీ కాళ్ళవైపే కూర్చున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి టైలరమ్మ వచ్చింది. బజారులో ఆమెకు కుట్టుపని కొట్టు. కొట్టు మీద గది వేసుకుని, ముందు బాల్కనీ పోయించుకుంది. మేస్త్రి మంచం పట్టేముందు చేసిన ఆఖరి పని అదే. పోసి నలభై రోజులు దాటినా కర్రలు ఇంకా కిందే ఉన్నాయి. ఆయన వచ్చి మొదటి దెబ్బ కొట్టాలి కదా.

"కర్రల సంగతి అడగడానికి రాలేదు, చిన్నమేస్త్రీ," అంది వస్తూనే. "అలాగని మర్చిపోయాననీ కాదు."

"ఊఁ."

"మెత్తగా ఉంటుందని పాతచీరతో దిండు గలీబు కుట్టుకొచ్చా. కొత్తబట్ట చెంపకి గరుకు." తానే దిండుకు తొడిగి, ఆయన తల నెమ్మదిగా దించి, చెంప నిమిరింది. "మేస్త్రి గారూ, మీ కర్రలు ఇంకో వారం ఉంచితే వేళ్ళు తన్ని చిగురేస్తాయి. నా కొట్టుకొచ్చే వాళ్ళంతా వాటి మధ్య నడుం వంచి వంచి వస్తున్నారు. నాకేదో పెద్దరికం వచ్చిందనుకుని మురిసిపోతున్నా."

ఆయన కళ్ళు తెరిచాడు. ఆమెను చూశాడు. పెదవులు కదిలాయి.

"ఏ అంచు, మేస్త్రి గారూ?" అంది టైలరమ్మ.

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు.

"అంచు అంటున్నారుగా. మీకెవరికీ వినపడట్లేదా? నలభై ఏళ్ళ నుంచి అంచులు కుడుతున్నానమ్మా, ఆ మాట నిద్రలో గొణిగినా నాకు తెలుస్తుంది."

"అంచా!" కూతురు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "మూడు దుప్పట్లు మార్చాం, ఒక కంచం తెచ్చాం, ఐసు కోసం ఆసుపత్రంతా తిరిగాం. అంచా నాన్నా? ఏం అంచు?"

"మంచం అంచేమోనక్కా. పడిపోతానని భయమేమో," అన్నాడు తమ్ముడు.

"అది బాల్కనీ అంచు," అన్నాడు పెద్దకొడుకు.

అతను తనంతట తాను మాట్లాడి ఆరు రోజులైంది.

"నాన్న కాలు వరద విరగ్గొట్టలేదు. నేను విరగ్గొట్టా. కర్రలు అంచు నుంచి విప్పాలి. నేను గోడవైపు నుంచి విప్పా. అందుకే పడింది. అదే అంటున్నాడు. పొద్దున్నుంచి అదే అంటున్నాడు."

చెల్లెలు ఏదో అనబోయింది. ఆమె జీవితంలో మాట అందకపోవడం అదే మొదలు. తమ్ముడు చేతిలో ఉన్న కంచాన్ని బల్ల మీద పెట్టాడు, అది పడిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా.

నెమ్మదమ్మ ఆ మూల మందు సీసా సర్దుతోంది. అన్నీ విన్నదో లేదో గానీ, తడి దూదిపుల్ల పట్టుకుని వచ్చి ఆయన నాలుక, పెదవులు తడిపింది. "నోరు ఎండితే మాట లోపలే ఉండిపోతుంది. నెమ్మది, పెద్దాయనా, నెమ్మది." తర్వాత పెద్దకొడుకు వైపు తిరిగింది. "మీరు ఆరు రోజుల నుంచి కాళ్ళ దగ్గర కూర్చుంటే ఆయన మీతో ఎలా మాట్లాడతారండీ? తల ఎత్తలేరుగా. ఇటు రండి."

అతను లేచాడు. ఆ మంచం చుట్టూ నాలుగడుగులు. కాలవ ఈదినట్టుంది అతనికి. తలవైపు కుర్చీలో కూర్చుని, చెవి తండ్రి నోటి దగ్గర పెట్టాడు.

"ఒరేయ్."

"ఊఁ."

"విప్పెయ్ అన్నా."

"ఊఁ."

ఊపిరి రెండుసార్లు వచ్చి పోయింది. "అంచు నుంచి... అనలేదు."

కొడుకు ఈసారి ఊఁ అనలేదు.

"అంతకుముందూ చెప్పలేదు నీకు. బాల్కనీ సంగతి. చెప్పాననుకున్నా." నెమ్మదమ్మ మళ్ళీ పెదవులు తడిపింది. "ఇంటికొచ్చి పడుకున్నాక గుర్తొచ్చింది. చెప్పలేదని."

"నాన్నా."

"తప్పు నాది. నీకేం తెలుసు, రెండు నెలలవాడివి. సిగ్గేసిందిరా చెప్పడానికి."

ఇరవై తొమ్మిదేళ్ళుగా కొడుకు గొంతులో అడ్డం పడి ఉన్న ముక్క అప్పుడు బయటికి వచ్చింది. "మరి సుత్తి ఎందుకు తీసేసుకున్నావు?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నారు. కిటికీ తెర ఒకసారి ఉబ్బి మళ్ళీ అణిగింది.

"చెప్పనిది ఇంకేమైనా మిగిలుందేమో అని," అన్నాడు. "పడితే నా మీదే పడాలని."

కొడుకు తల వంచి, తండ్రి అరచేతిలో నుదురు పెట్టుకున్నాడు. బొబ్బలెక్కి, కాయలు కాసి, చెక్కలాగా అయిపోయిన అరచేయి. అది వేళ్ళు కదిపింది, అతని జుట్టులో.

"ఇంకేమైనా ఉందా నాన్నా, చెప్పనిది?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. యాభై ఏళ్ళ పని మొదటి నుంచి చివరిదాకా తడిమి చూసుకున్నట్టు కళ్ళు మూసి, తెరిచాడు.

"లేదు. అదొక్కటే." తర్వాత, "ఆవిడది అంచు నుంచి విప్పు. నువ్వే కొట్టు."

"అలాగే నాన్నా. అంచు నుంచి," అన్నాడు కొడుకు, ఆ మాట అప్పుడే మొదటిసారి విన్నవాడిలా.

చెల్లెలికి అప్పటికి నోరు వచ్చింది. "ఇరవై తొమ్మిదేళ్ళు!" అంది, కళ్ళు తుడుచుకుంటూ. "ఒకే ఇల్లు, ఒకే పని, ఒకే సైకిలు మీద వెళ్ళొచ్చారు. తప్పు నాదని ఈయన, కాదు నాదని అన్నయ్య. నేను రోజూ బస్సులో నాలుగు వందల మందితో మాట్లాడతా వదినా. వీళ్ళిద్దరూ ఒక్క వాక్యం, ఒకే ఒక్క వాక్యం చెప్పుకోలేకపోయారు చూడు. 'అంచు నుంచి' అని రెండు ముక్కలు!"

"నువ్వు వీళ్ళకి రావాల్సిన మాటలు కూడా లాగేసుకుని పుట్టావక్కా," అన్నాడు తమ్ముడు. "వాళ్ళ దగ్గర ఏం మిగుల్తాయి?"

టైలరమ్మ ముందు నవ్వింది. తర్వాత నెమ్మదమ్మ నవ్వింది. పెద్దకోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రి పెదవి ఒక పక్కకు జరిగింది. ఆయన నవ్వు ఎప్పుడూ అంతే, పొదుపు.

ఆ తర్వాత ఆయన ఇక ఏ మాటా అనలేదు. నుదుటి మీద ముడి వీడిపోయింది. ఊపిరి దూరం దూరంగా వచ్చింది. మందు అవసరం కూడా పడలేదు. టైలరమ్మ వెళ్ళింది. ఎండ గోడ మీంచి నేలకు దిగింది. చెల్లెలు ఆయన కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని బస్సు కబురు ఒకటి చెబుతోంది. ఒకాయన మేకపిల్లను సంచిలో దాచి ఎక్కించి, అది అరిచినప్పుడల్లా తానే దగ్గేవాడట. "టిక్కెట్టు ఇస్తే తీసుకుంటూ మేకలా అరిచాడు నాన్నా, కంగారులో!" అంది. అందరూ నవ్వుతూనే ఆయన వైపు చూశారు, నవ్వాడేమోనని. ఇంకో ఊపిరి వస్తుందని చూశారు. రాలేదు.

నెమ్మదమ్మ మణికట్టు పట్టుకుని చూసి, వదిలి, కిటికీ తెర పక్కకు జరిపింది. ఆమె కూడా ఈసారి నెమ్మది అనలేదు. అనక్కర్లేదు.

ఏడ్చారు. పెద్దకొడుకు కూడా ఏడ్చాడు, అందరికంటే గట్టిగా. అతని గొంతు అంత పెద్దదని భార్యకే తెలియదు. కానీ ఏడ్చాక లేచి నిలబడితే ఒళ్ళు తేలికగా ఉంది. గుండె మీది బండ ఎవరో రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టినట్టు. తానే తండ్రి ముఖం తుడిచాడు. తానే ఆ వంకర పాదాన్ని చేతుల్లోకి తీసుకుని, మడమ నుంచి వేళ్ళదాకా తడిగుడ్డతో తుడిచి, దుప్పటి కప్పాడు. ఇన్నేళ్ళలో ఆ పాదాన్ని ముట్టుకోవడం అదే మొదలు.

మర్నాడు మధ్యాహ్నం సాగనంపాలని నిర్ణయించుకున్నారు. తెల్లారి ఆరున్నరకు పెద్దకొడుకు ఇంట్లో మూల నుంచి సుత్తి తీసుకుంటుంటే చెల్లెలు చూసింది.

"ఎక్కడికన్నయ్యా, ఇప్పుడు?"

"నాన్న చెప్పిన పనికి."

ఆమె అడ్డం చెప్పలేదు. ఫ్లాస్కులో టీ పోసి చేతికిచ్చింది. "పదింటికల్లా రా. వచ్చే వాళ్ళకి మాటలు చెప్పడం నా వల్ల కాదు," అంది. ఆ మాటకు ఇద్దరికీ నవ్వొచ్చింది.

టైలరమ్మ కొట్టు అప్పుడే తెరుస్తోంది. అతన్ని, చేతిలో సుత్తిని చూసి గుమ్మంలో ఆగిపోయింది. కబురు ఆమెకు రాత్రే అందింది.

"ఈ వేళెందుకయ్యా? ఇన్నాళ్ళు ఉన్నవి ఇంకో నాలుగు రోజులు ఉండలేవా?"

"మీరు వీధి అవతలికి వెళ్ళండి," అన్నాడు.

ఆమె వెళ్ళింది. అతనొక్కడే కర్రల మధ్యకు వెళ్ళాడు. గోడ దగ్గర ఒక్క క్షణం ఆగాడు. అక్కడి నుంచి అంచుదాకా నడిచి, చివరి వరసలో నడిమి కర్ర ముందు నిలబడ్డాడు. సుత్తి పిడి తండ్రి వేళ్ళు పడి పడి అరిగి ఉంది. అతని వేళ్ళు ఆ అరిగిన చోటే సరిపోయాయి. కర్ర అడుగున బిగించిన చెక్కముక్కను కొట్టాడు. ఒకటి. రెండు. చెక్క జారింది, కర్ర వాలి నేల మీద పడింది. కాస్త దుమ్ము రాలింది. తల పైకెత్తి చెవి పెట్టాడు. పైన ఏ చప్పుడూ లేదు.

అంచు వరస అంతా విప్పాడు. తర్వాత లోపలి వరస. తర్వాత ఇంకో వరస. వెనక్కి వెనక్కి జరుగుతూ గోడకు చేరేసరికి ఒళ్ళంతా చెమట. కర్రలన్నీ నేల మీద ఉన్నాయి. బాల్కనీ తన చోట తానుంది.

అతను మెట్లెక్కి పైకి వెళ్ళాడు. అంచుదాకా నడిచి, అక్కడ నిలబడి, ఫ్లాస్కు మూతలో టీ పోసుకుని మొత్తం తాగాడు.

"ఎలా ఉంది మేస్త్రీ?" అని కింద నుంచి కేకేసింది టైలరమ్మ.

అతను ఊఁ అనబోయి ఆగాడు.

"నిలబడిందమ్మా," అన్నాడు. "పైకి రండి. అంచుదాకా రావచ్చు, భయం లేదు. ఇక్కణ్ణించి వీధంతా కనపడుతోంది."

తర్వాత కిందికి దిగి, కర్రలన్నీ గోడ పక్కన వరసగా పేర్చి, తాడు బిగించి, తండ్రిని సాగనంపడానికి ఇంటికి బయలుదేరాడు.